పాట యెవ్వరిది? అరువుమట్టులనుగూర్చి కొన్ని మాటలు

గతసంవత్సరపు వార్షికోత్సవమున మన పాఠశాల పదవతరగతి బాలబాలికలు వానకై యెదురుచూచు నొక పల్లెను జూపు చిన్న నాటకము నాడిరి. అనంతపురము జిల్లాలో పుట్టిన పిల్లలకు వాన కెదురుచూచు టెట్లో యెవ్వరును నేర్పబనిలేదు గదా. కావున నాటకము మిక్కిలి సహజముగ నుండెను. తుదిఘట్టమున తొలకరిజల్లు పడగా, కాడి గట్టి, గొర్రు పట్టి, పిల్లలందఱు నొక పాట పాడిరి. సభలో కాలితో తాళము వేయనివారు లేరు. పంచిపెట్టిన కార్యక్రమపత్రమున ఆ పాటకెదురుగ "రచన, సంగీతము: పదవతరగతి విద్యార్థులు" అని యచ్చుపడి యుండెను.

పాట ముగియగనే ముందువరుసలో గూర్చున్న యొక తాతగారు ప్రక్కవారి మోచేయి తట్టి "ఇది మన ఏరువాక పాట గదప్పా! నా పెండ్లప్పుడు మైకులో ఇదే ఏసినారు" అని నవ్విరి. ఆ ప్రక్కవారు గుంతకల్లు రైల్వేలో కొలువుచేసి విశ్రాంతి గొనినవారు. బొంబాయి మార్గమున నేండ్లతరబడి తిరిగినవారు. "కాదన్నా, ఇది హిందీ పాట. నేను బొంబాయిలో విన్నాను" అని వారనిరి. ఇరువురును పట్టినపట్టు విడువలేదు. మాట పెరిగి తెరవెనుకనున్న పిల్లల చెవిని బడెను.

మఱునాడు ఆ పాట కట్టిన బాలుడు నాయొద్దకు వచ్చి తలవంచుకొని నిలిచెను. "సార్, మాటలు మేమే రాసినాము. రాగం మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ వినేదే. మేము దొంగతనం చేసినట్లా?" అని యడిగెను. అవుననుటకు గాని కాదనుటకు గాని నాకు వెంటనే నోరాడలేదు. "కొంత గడువిమ్ము" అంటిని. ఆ గడువులో నేను చదివినదియు, పెద్దల నడిగి తెలిసికొనినదియు నిచ్చట వ్రాయుచున్నాను. ఇది ఆ బాలునికే గాక, సెల్‌ఫోను చేతనుంచుకొని దినమునకు నూఱు పాటలు వినుచున్న నేటి విద్యార్థులందఱికిని, వారి తల్లిదండ్రులకును ఉపయోగపడవచ్చునని నా యాశ.

ముందుగా పెద్దలిరువురి తగవు తీర్తము. ఇరువురు చెప్పినదియు సత్యమే. 1955వ సంవత్సరమున తాపీ చాణక్యగారి దర్శకత్వమున "రోజులు మారాయి" యను తెలుగు చలనచిత్రము వెలువడెను. అందలి యేరువాక పాటకు కొసరాజు రాఘవయ్యచౌదరిగారు మాటలు కూర్చిరి. మాస్టర్ వేణుగారు మట్టు కట్టిరి. జిక్కిగారు పాడిరి. అప్పటికి కొత్తగా చిత్రములలో నడుగిడుచుండిన వహీదా రెహమాన్‌గారు నర్తించిరి. ఏరువాక యన తొలిదుక్కి పండుగయని మన పిల్లలకు చెప్పనక్కఱలేదు. ఆ పాట నడక యంతయు పల్లెపదపు నడకయే గనుక, రైతుల నోట నది చిత్రపుపాటవలె గాక తమ పాటవలెనే నిలిచిపోయెను. ఐదేండ్లు గడచినపిమ్మట, 1960లో, "బంబయి కా బాబు" అను హిందీచిత్రమున సచిన్ దేవ్ బర్మన్‌గారు ఆ మట్టునే హిందీమాటలకు వాడుకొనిరి. ఆశా భోంస్లేగారు పాడిరి. రైల్వేవారు బొంబాయిలో వినినది దానినే. ముందుగా చెవిని బడినదే మూలమని తలచుట యెల్లరకును సహజమైన పొరపాటు. ఆ హిందీపాటను నేటికిని పాడుకొను లక్షలాది జనులలో మాస్టర్ వేణుగారి పేరెఱిగినవా రెందఱుందురు?

ఇంతమాత్రమున "ఉత్తరాదివారు మన సొత్తు దోచుకొనిరి" అని మనము గుండెలు బాదుకొన బనిలేదు. ఆ 1955వ సంవత్సరముననే తెలుగున "అనార్కలి" వెలువడెను. దానికి సంగీతము కూర్చిన పి. ఆదినారాయణరావుగారు మహావిద్వాంసులు. అయినను అందు మిక్కిలి పేరొందిన పాట మట్టు 1953నాటి హిందీ "అనార్కలి"లో సి. రామచంద్రగారు కట్టినదే. అనగా నొకే యేట నొక చేత తెచ్చుకొంటిమి, మఱొక చేత నిచ్చితిమి. ఆదినారాయణరావుగారే 1957లో "సువర్ణసుందరి"కి కట్టిన రాగమాలికను మఱుసటియేట హిందీ "సువర్ణసుందరి"కి తామే కొనిపోయిరి. తెలుగున ఘంటసాల, జిక్కిగార్లును, హిందీలో మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్‌గార్లును పాడిరి. అది యరువు గాదు. తన సొమ్ము తానే రెండవ యింట బెట్టుకొనుట. ఈ మూడును పైకొకేవిధముగ గాన్పించును. "అదే పాట యిక్కడను వినబడుచున్నదే" యని వినువాడు తలచును. కాని మూడింటికిని న్యాయము వేఱు. కావుననే పోలిక వినబడగనే దొంగయని కేక వేయరాదు.

పాట యనునది యొక్క వస్తువు గాదు. దానిలో మాటలు గలవు. ఆ మాటలు నడచు బాట గలదు. దానినే మన పెద్దలు మట్టనియు, వరుసయనియు, నేటివారు బాణీయనియు నందురు. ఆ బాటకు క్రింద నేలవలె రాగమును, కొలతవలె తాళమును గలవు. పైన వాద్యముల కూర్పును, పాడువాని గొంతును గలవు. వీనిలో రాగతాళము లెవ్వరి సొత్తును గావు. మోహనరాగమున షడ్జము గాక రిగపదలను నాలుగే స్వరములు. ఆ యైదింటితోనే త్యాగరాజస్వామి కృతులు చేసిరి. 1957నాటి "మాయాబజారు"లోని నౌకావిహారపు పాటయు మోహనమే. ఒకదానిని వినిన పిమ్మట మఱియొకటి వినినచో, ఒక యూరివారని తోచునేగాని, ఒక్కడేయని తోచదు. చెఱువునీ రూరందఱిది. కడవతో ముంచి తలకెత్తుకొని యింటికి దెచ్చినపిమ్మట, ఆ కడవనీరు తెచ్చినదానిది. రాగము చెఱువు, మట్టు కడవనీరు. నీళ్లకై మైళ్లు నడచిన తల్లులున్న యీ సీమలో నీ భేద మింతకంటె విప్పి చెప్ప బనిలేదు.

ఒక మట్టు మఱియొకదానికి నకలా కాదా యని తెలిసికొనుట కొక సులభోపాయము గలదు. మాటలు తీసివేసి వట్టి కూనిరాగముగ రెంటిని పాడిచూడుడు. స్వరము లే వరుసలో వచ్చుచున్నవి, ఏ స్వరముపై నెంతసేపు నిలుచుచున్నవి, తాళపు దెబ్బ యెచ్చట బడుచున్నది, ఈ మూడు కలిసినచో మట్టొకటే. శ్రుతి హెచ్చించినను, తగ్గించినను, నడక త్వరపఱచినను, నాదస్వరమునకు బదులు గిటారు వాయించినను మట్టు మాఱదు. చొక్కా మార్చినంతమాత్రమున మనిషి మాఱునా? ఇక విద్యార్థులలో నొక వింత నమ్మక మున్నదని వింటిని: ఎనిమిది స్వరములకు మించకుండ దీసికొన్నచో తప్పు లేదట! కొందఱు ఆఱు స్వరములనిరి. మన చట్టమున నట్టి లెక్క యెచ్చటను లేదు. ఎన్ని స్వరములని గాక, పాటకు ప్రాణమైన భాగమును దీసికొనిరా లేదా యని న్యాయస్థానములు చూచును. 2008లో బొంబాయి ఉన్నతన్యాయస్థానమున నిట్టి వ్యవహారము నడచెను. ఒక వ్యాపారప్రకటనకు రామ్ సంపత్‌గారు కట్టిన చిన్న మట్టును "క్రేజీ 4" అను హిందీచిత్రపు పాటలలో వాడిరని వ్యాజ్యము. న్యాయమూర్తి రెంటిని విని, ఆ పాటలు తీసివేసినగాని చిత్రము విడుదల చేయరాదనిరి. నిర్మాతలు రెండుకోట్ల రూపాయ లిచ్చి రాజీపడిరని పత్రికలలో వెలువడెను. అది క్షణములలో ముగిసిపోవు మట్టు!

అయినచో అరువు దెచ్చుకొనుటయే పాపమా? మన సాహిత్యచరిత్ర చూచినవాడట్లనలేడు. మన ముత్తాతలకాలపు నాటకపుస్తకము దొరికినయెడల విప్పి చూడుడు. ప్రతిపాటకు దలమీద "ఫలాని పాట మట్టు" అని యొక చిన్న పంక్తి యచ్చువేసి యుండును. 1880లో ధారవాడ నాటకసమాజమువారు తెలుగుదేశమున బ్రదర్శనములిచ్చినది మొదలు మహారాష్ట్రపు వరుసలును, పారసీ నాటకముల వరుసలును మన రంగస్థలమున బ్రవేశించెను. మన ధర్మవరపు పేరింటిపేరుగా గల ధర్మవరము కృష్ణమాచార్యులవారు బళ్లారిలో సరసవినోదినీసభ నెలకొల్పి, తెలుగునాటకమున పాటలకు బీట వేసిన తొలివారిలో నొకరు. నాటివారు మట్టు నరువు దెచ్చుకొని, తెచ్చితిమని తలమీద వ్రాసికొనిరి. చదువువానికి పాట యెట్లు పాడవలయునో తెలియుటయే వారి యుద్దేశము. న్యాయశాస్త్రమును దలచి వ్రాసినది కాదు. అయినను ఆ చిన్నపంక్తివలన ఋణము ఋణముగ నిలిచెను.

మన ప్రార్థనామందిరమున వాడు పుస్తకములందు నిట్టి మర్యాదయే కలదు. ఆంగ్లకీర్తనల పుస్తకము విప్పినచో ఒక వైపున మాటలు వ్రాసినవారి పేరును, మఱియొక వైపున స్వరము కట్టినవారి పేరును, ఆ మట్టునకు బెట్టిన ప్రత్యేకనామమును నుండును. "ఓల్డ్ హండ్రెడ్త్" అను మట్టు 1551నాటి జెనీవా కీర్తనలగ్రంథమున వెలువడినది. లూయీ బూర్జ్వా కట్టినదని చెప్పుదురు. నాలుగువందల యేండ్లకు మించి దానిపై నెన్నిభాషల మాటలెక్కినవో లెక్క లేదు. మట్టు పేరు మాత్రము పోలేదు. తెలుగుక్రైస్తవకవులలో మొదటివారైన పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) పాశ్చాత్యవరుసల నరువు దెచ్చుకొనక, దేశీయరాగతాళములలోనే కీర్తనలు చేసిరి. వారి కీర్తనలపై నేటికిని రాగతాళముల పేర్లు ముద్రింపబడుచున్నవి.

అరువు తెచ్చుకొనినవారిలో మహామహులు లేకపోలేదు. కర్ణాటకసంగీత త్రిమూర్తులలో నొకరైన ముత్తుస్వామి దీక్షితులవారు మదరాసు చెంతనున్న మణలిలో నుండినకాలమున ఆంగ్లేయుల బ్యాండువాద్యము వినిరి. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలు నేర్చికొని మన సంగీతమున బ్రవేశపెట్టినవారిలో మొదటివారు. ఆ బ్యాండుమట్టులకు దీక్షితులవారు సంస్కృతసాహిత్యము కూర్చిరి. వానికి "నొట్టుస్వరములు" అని పేరు. నొట్టనగా నోటు; ఆంగ్లమాటయే. అందు "సంతతం పాహి మాం" అను కృతి యాంగ్లరాజస్తుతిగీతపు మట్టులో నున్నది. 1745లో లండనున బ్రసిద్ధికి వచ్చిన ఆ మట్టుతోనే అమెరికావారు 1831లో తమ దేశభక్తిగీతము పాడుకొనిరి. లీఖ్టెన్‌స్టైన్ అను చిన్నదేశమువారు నేటికిని తమ జాతీయగీతము పాడుకొనుచున్నారు. దీక్షితులవారు దొంగిలించిరని యెవ్వరైన నందురా? అనరు. కారణము, ఆ కృతుల జాతి పేరులోనే మూలము చెప్పబడియున్నది. వినినవా డెవ్వడును మోసపోలేదు.

చలనచిత్రములకు వచ్చుసరికి ఆ చిన్నపంక్తి యెగిరిపోయెను. చిత్రపు తెరపై "సంగీతము: ఫలానివారు" అను నొక్క పేరుండును. ఆ పేరుక్రింద నున్న పది పాటలలో ఏది యెచ్చటిదో చెప్పు నాచారము లేదు. నిర్మాతయే హిందీ రికార్డు తెచ్చి "ఇట్టిదే కావలెను" అని కోరుటయు, సంగీతదర్శకుడు జీవనముకొఱకు కాదనలేకపోవుటయు నాదినుండి యున్నవే. పేరు తప్పిపోవుట యరువుపాటల విషయముననే గాదు. మీదఁ జెప్పిన "మాయాబజారు"నకు సంగీతదర్శకులు ఘంటసాల వేంకటేశ్వరరావుగారని తెరపై నున్నది. కాని మొదట నియమింపబడినవారు సాలూరు రాజేశ్వరరావుగారు. వారు నాలుగు పాటలకు మట్టులు కట్టి యా చిత్రమునుండి తప్పుకొనిరి. ఆ నౌకావిహారపు పాట మట్టు వారిదే. ఘంటసాలగారు వానికి వాద్యములు సమకూర్చి, ముద్రణ నడిపి, మిగిలినవాని మట్టులు తాము కట్టిరి. తెలుగువా రింటింట బాడుకొను పాట. పేరు మాత్రము సగము. ఇచ్చట దొంగ యెవ్వడును లేడు. అయినను ఒకరి కష్టము తెరమీద గానరాలేదు.

చట్టమేమి చెప్పుచున్నదని విద్యార్థు లడుగుదురు. కొంచెము చెప్పెదను, విసువు చెందకుడు. మన దేశమున 1957లో గ్రంథస్వామ్యపు చట్టమేర్పడెను. ఆ చట్టమున మొదట సంగీతకృతి యనగా వ్రాతలోనికి గాని యచ్చులోనికి గాని వచ్చిన స్వరకల్పనయని నిర్వచనము. స్వరలిపి యెఱుగని పల్లెగాయకుడు నోటితో గట్టిన మట్టు ఆ నిర్వచనమున నిముడదు! 1994నాటి సవరణచే నా నియమము పోయెను. కర్త జీవితకాలమును, ఆతని మరణానంతరము అఱువదియేండ్లును హక్కు నిలుచును. ఆపిమ్మట కృతి లోకమునది. నిర్మాత కూలి యిచ్చి కట్టించుకొన్న చిత్రపుమట్టునకు, వేఱు కరారు లేనియెడల, నిర్మాతయే తొలి స్వామియని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. దానివలన కవులును సంగీతదర్శకులును చాల నష్టపడిరి. 2012లో చట్టమును మరల సవరించి, చిత్రశాల వెలుపల ఆ పాట వాడబడినప్పుడెల్ల వచ్చు ప్రతిఫలమున వారికి వాటా యుండవలెననియు, ఆ వాటాను వారు నిర్మాతకు వ్రాసియిచ్చినను చెల్లదనియు నేర్పఱచిరి. ఇవి వ్రాసినవారికిని, పేరున్నవారికిని సంబంధించిన మాటలు. పేరులేనివారి సంగతి చట్టమునకు సరిగ నందలేదు. దానికి దరువాత వత్తును.

ఇంతకుముందు మన జిల్లా పుట్టించిన యొక మహనీయునిగూర్చి చెప్పక ముందునకు నడువ మనసొప్పదు. కంబదూరు దాపున రాళ్లపల్లి యను చిన్న గ్రామమున్నది. 1893లో అచ్చట బుట్టిన అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో చిరకాలము తెలుగు బోధించిరి. వేమననుగూర్చిన వారి యుపన్యాసములు చదువని తెలుగుపండితుడుండడు. వారు సాహిత్యమున నెంతవారో సంగీతమున నంతవారు. ఉద్యోగవిరమణానంతరము తిరుపతికి బోయి తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనల పరిష్కారమునకు బూనుకొనిరి.

ఆ కీర్తనల కథ యెఱుగనివారికి రెండు మాటలు. అన్నమాచార్యులు (1408-1503) ముప్పదిరెండువేల కీర్తనలు చెప్పిరని ప్రతీతి. వానిని రాగిరేకులపై జెక్కించి తిరుమల యాలయమున నొక యఱలో భద్రపఱచిరి. కాలక్రమమున లోకము వానిని మఱచెను. 1922లో నా రేకులు మరల వెలికివచ్చెను. దొరకిన కీర్తనలు ప్రతీతి చెప్పు సంఖ్యలో సగమునకు లోపలనే. రేకులపై మాటలు గలవు, ప్రతికీర్తనకు రాగము పేరు గలదు. స్వరములు మాత్రము లేవు. అన్నమయ్య తన కీర్తనను ఎట్లు పాడెనో చెప్పగల యాధార మేదియు లేదు. అయిదువందల యేండ్ల క్రింద పాడిన గొంతుతోనే మట్టును పోయినది. అనంతకృష్ణశర్మగారు ఆ మాటల నడకను, ఛందస్సును, భావమును చెవినిబెట్టి విని, నూఱు దాటిన కీర్తనలకు దామే మట్టులు కట్టి స్వరపఱచిరి. వారి తరువాత నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలైనవా రాపని సాగించిరి. రేవతిరాగమున నేడు దేశమంతట వినబడు "నానాటి బదుకు" మట్టు నేదునూరివారిదే.

ఇప్పుడు మన విద్యార్థుల నెవరినైన నడుగుడు: "ఈ కీర్తన యెవ్వరిది?" "అన్నమయ్యది" అని తడువుకొనక చెప్పుదురు. అది సగము సమాధానము. మాట అన్నమయ్యది, మనము వినుచున్న మట్టు ఇరువదవశతాబ్దపు విద్వాంసునిది. ఇందొక వింత గలదు. పైని చెప్పిన దొంగలు పరుల మట్టును దమదని చెప్పుకొనిరి. శర్మగారు తమ మట్టును దెచ్చి అన్నమయ్య పాదములచెంత బెట్టిరి. జనులు దానిని అన్నమయ్యదే యనుకొనిరి. మదరాసు సంగీతవిద్వత్సభవారు 1974లో వారికి "సంగీతకళానిధి" బిరుద మొసగిరి. 1979లో వారు కాలధర్మము నొందిరి. నేడెన్నియో సభలలో, ఎన్నియో రికార్డులలో ఆ మట్టులు వినబడుచున్నవి. వారి పేరు చెప్పి పాడువారు తక్కువ. అన్నమయ్య మాటలు లోకమందఱివి గనుక, మట్టును లోకమందఱిదే యని తలచి దానిపై దమ పేరు వేసికొనువారును లేకపోలేదు. కంబదూరు ప్రాంతపు పిల్లలు మన పాఠశాలకు వచ్చుచున్నారు. వారిలో నెందఱకు తమ ప్రక్కయూరి యీ పేరు తెలియునో నే నడిగి చూచితిని. ఫలిత మిచ్చట వ్రాయను.

ఇక పేరులేనివారి సంగతి. 2021లో "లవ్ స్టోరీ" యను చిత్రమునకై "సారంగదరియా" యను పాట వెలువడి దేశదేశముల మాఱుమ్రోగెను. దానిని పాడిన మంగ్లిగారు మన జిల్లావారే. గుత్తి ప్రాంతపు తాండాలో బుట్టినవారు. పాటకు రచయితగా సుద్దాల అశోక్‌తేజగారి పేరు వెలువడగనే, వరంగల్లు వైపు జానపదగాయని యొకామె, ఆ పాటను పల్లెలలో సేకరించి లోకమునకు వినిపించినదాననని యెలుగెత్తి చెప్పెను. పల్లవి జానపదులదేయనియు, చరణములు తాను వ్రాసితిననియు అశోక్‌తేజగారనిరి. దర్శకులైన శేఖర్ కమ్ములగారు ఆ గాయని చేసిన యుపకారమును బహిరంగముగ నంగీకరించిరి. నాకు తోచినది చెప్పెదను: ఇందు ఇరుపక్షముల మాటలును నిజమే. పల్లవి ఆమె పుట్టించినది గాదు. కాని యామె మోసికొని రానిచో పట్నము చేరెడిదియు గాదు. మోసికొని వచ్చిన చేతికి చట్టమున బేరులేదు. కర్త తెలియని పాటకు స్వామియు లేడు.

బంగాళమున నింతకంటె పెద్ద నిదర్శన మున్నది. రవీంద్రనాథ ఠాకూరుగారు 1905లో వంగమాతపై నొక గీతము వ్రాసిరి. నేడది బంగ్లాదేశపు జాతీయగీతము. దాని మట్టు ఠాకూరుగారి జమీనులోని షిలైదహలో టపా మోసెడి గగన్ హర్కరా యను బావులుగాయకునిది. హర్కరా యన తపాలా మోయువాడు. ఠాకూరుగారంతటివారు ఆ టపామనిషి పాటను తామే ప్రకటించి యాతని పేరు నిలిపిరి గనుకనే నేడు మనకా సంగతి తెలియుచున్నది. వారూరకుండినచో అడుగువాడెవ్వడు?

ఇక మన బాలుని ప్రశ్నకు వత్తును. నే నాతని బిలిచి చెప్పినదిది: "నాయనా, మాటలు మీరు వ్రాసినారు, అవి మీవే. మట్టు నలుగురు నెఱిగినదానిని దెచ్చుకొనిరి. బడిపిల్లలు వార్షికోత్సవమున నొక తెలిసిన మట్టుపై క్రొత్తమాటలు పాడుట యనాదిగ నున్నదే. దానిని నేను దొంగతన మనను. కాని 'సంగీతము: విద్యార్థులు' అని యచ్చువేసితిమే, ఆ రెండు మాటలు తప్పు. ఆ తప్పు మీకంటె నాది. కాగితము దిద్దినవాడను నేను." బాలుడు కొంత తేఱుకొనెను. "మరి ఏమని ఎయ్యాల సార్?" అనెను. పాత నాటకపుస్తకము దీసి, తలమీది చిన్నపంక్తిని జూపితిని.

ఈ యేడు మరల నాటకము వేయుచున్నారు. ఈసారి వానకై కప్పతల్లి నూరేగించు ఘట్ట ముంచిరి. రోకలికి వేపమండలు, కప్పను గట్టి, ఇంటింట నీళ్లు పోయించుకొనుచు స్త్రీలు పాడు పాటను మీ రెఱుగుదురు. తొమ్మిదవతరగతి బాలిక యొకతె ఆ పాటను దన జేజియొద్ద నేర్చికొని వచ్చెను. కార్యక్రమపత్రమున నెవ్వరి పేరు వేయవలెనని పిల్లలలో జర్చ వచ్చెను. "మీ జేజి నడిగిరమ్ము, ఆ పాట ఎవరు కట్టినారో" అని పంపితిమి. మఱునాడు బాలిక వచ్చి నవ్వుచు జెప్పినది: "అడిగినా సార్. 'నేనేం కట్టలేదు, మా అత్త పాడుతాండె. మా అత్తకు కళ్యాణదుర్గం పక్క పుట్టిల్లు' అనింది. తన పేరు వద్దే వద్దనింది." 

పిల్లలు కూర్చుండి చాలసేపు తర్కించిరి. ఒకడు "జానపదము" అని వేసిన జాలుననెను. ఆ బాలిక యొప్పుకొనలేదు. ఈ వ్యాసము ముద్రణకు బోవునాటికి కాగిత మచ్చుకు సిద్ధమైనది. అందా పాటకెదురుగ నిట్లున్నది: "కప్పతల్లి పాట. మట్టు, మాటలు: కళ్యాణదుర్గము వైపు స్త్రీలవి. మాకు నేర్పినది: మా జేజి."